పైడమ్మ పిన్ని, కాగితపు గోడ

తడి పుట్టీకి ఒక వాసన ఉంటుంది. సున్నంలా ముక్కును కొట్టదు, రంగులా తలకెక్కదు. చల్లగా, కాస్త పిండి పిండిగా ఉంటుంది. ఈ వేసవి సెలవుల్లో నేను పనిచేసే బడిలో ఏడో తరగతి గదికి మరమ్మతు చేస్తున్నారు. పక్క గదిలో కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతుండగా ఆ వాసన వచ్చింది. వెనకే ఒక చప్పుడు. పనివాడు వేలి కణుపుతో గోడను తడుతూ పోతున్నాడు. అంతవరకు గట్టిగా పలికిన గోడ ఒకచోట డొల్లగా పలికింది. అతడు క్షణం ఆగి, ముందుకు సాగిపోయాడు. నేను లేచి వెళ్ళి, “దాదా, ఇక్కడ లోపల పట్టు వదిలేసింది, చూడండి” అని చెయ్యి పెట్టి చూపించాను. అతడు మళ్ళీ తట్టి, నవ్వి, “మీరు టీచరుగారు కదా దీదీ, ఇది మీకెలా తెలుసు?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు అక్కడ నిలబడి రెండు మాటల్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇంటికి వచ్చి ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

పైడమ్మ పిన్ని మాకు రక్తసంబంధం ఉన్న మనిషి కాదు. ఖరగ్‌పూర్‌లో పూరీ గేట్ వైపు రైల్వే క్వార్టర్లలో వాళ్ళకూ మాకూ మధ్య ఉన్నది ఒకే గోడ. మా తాత, ఆమె మామగారు ఇద్దరూ శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు పనికి వచ్చినవారు. మా నాన్న అక్కడే ఫిట్టరు అయ్యాడు. పిన్ని భర్త చిన్న వయసులోనే జబ్బుచేసి పోతే, ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన ఆమెకు ఆయన బదులు ఉద్యోగం ఇచ్చారు. అలా ఆమె రైలు పెట్టెలకు పుట్టీ పూసి, నున్నగా రుద్ది, రంగుకు సిద్ధం చేసే పెయింట్ షాపులో చేరింది. అమ్మను “అక్కా” అనేది, నాన్నను “బావా” అనేది. తెలుగు, బెంగాలీ, హిందీ కలిపి ఒకే వాక్యంలో మాట్లాడేది. ఎంత కడిగినా ఆమె గోళ్ళ అంచుల్లో ఒక తెల్లని గీత మిగిలే ఉండేది.

విశ్వకర్మ పూజ నాడు వర్క్‌షాపు గేట్లు ఉద్యోగుల కుటుంబాల కోసం తెరుస్తారు. నాకు పదేళ్ళప్పుడు పిన్ని నన్ను తన షాపులోకి తీసుకువెళ్ళింది. పాత రంగు గీకేసిన ఒక పెట్టె బూడిదరంగులో నిలబడి ఉంది. దాని ఒంటినిండా సుద్దతో గీసిన గుండ్రని చుట్లు. అవి చూసి నాకు నవ్వు వచ్చింది.

“ఎవరో పిచ్చి గీతలు గీసినారు పిన్నీ.”

“పిచ్చి గీతలేటే. రేకంతా కొట్టి సూసినాం. ఎక్కడ డొల్ల పలికితే అక్కడ సుట్టు గీసినాం. గీసేది ఒకలు, బాగుసేసేది ఒకలు, మల్లీ కొట్టి సూసి సుద్ద తుడిసేది ఇంకొకలు. బాగుసేసినోడే తుడిసీకూడదు.”

“ఎందుకని?”

“ఎవుడి పని ఆడి సెవికి బాగానే ఇనిపిస్తాది.”

ఇన్ని చుట్లు ఉంటే పెద్ద సార్లు తిట్టరా అని అడిగాను. పిన్ని నా తలకు పట్టిన ధూళి దులుపుతూ, “సుట్లున్న పెట్టెకి ఏ సారూ బయపడడు. నున్నగా ఉండి ఒక్క గీతైనా నేదనుకో, అప్పుడు సొక్కా సేతులు మడిసి తనే కొడతాడు” అన్నది. ఆ వయసులో నాకు ఆ మాట అర్థం కాలేదు. ప్రసాదంగా పెట్టిన బూందీ మీదే నా ధ్యాస ఉంది.

మా వంశంలో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. ఆ మాట గర్వంగా చెప్పుకోవడం కాలేజీలో నేర్చుకున్నాను. దానితోపాటు, నేర్చుకుంటున్నానని తెలియకుండానే, మరొకటి కూడా నేర్చుకున్నాను. స్నేహితురాళ్ళు “మీ నాన్నగారు ఏం చేస్తారు?” అని అడిగితే “రైల్వేలో” అని చెప్పి ఆగిపోయేదాన్ని. ఆ మాటలో ఆఫీసరు కూడా ఇముడుతాడు, గ్రీజు చేతుల ఫిట్టరు కూడా ఇముడుతాడు. వాళ్ళకు తోచినది ఊహించుకోనిచ్చేదాన్ని.

బి.ఎడ్. పూర్తిచేసి టీచరు ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు, బ్యాంకు అప్పుతో ఊళ్ళోనే తాల్‌బగీచాలో ఒక పాత ఇల్లు కొన్నాను. రెండు గదులు, వంటిల్లు, చిన్న వరండా. నాన్న ఉద్యోగ విరమణ దగ్గర పడింది. ఆ తరువాత కొన్ని నెలల్లో క్వార్టరు తాళం అప్పగించాలి. అమ్మా నాన్నా వచ్చి నాతో ఉంటారన్నది నా లెక్క. ఆ ఇంట్లో అంతా బాగానే ఉంది, ముందుగది గోడలు తప్ప. అంతకుముందున్నవారు ఆ గది నిండా ఒక మందపాటి కాగితం అంటించారు. ఉబ్బెత్తు తీగలు, ఉబ్బెత్తు ఆకులు, చెయ్యి వేస్తే వేళ్ళకు తగిలే గరుకు. ఒకప్పుడు మీగడరంగులో ఉండి ఉంటుంది. నేను కొనేనాటికి తలలు ఆనినచోట జిడ్డు, చేతులు తగిలినచోట మసి. ఊడదీయాలని వేడినీళ్ళతో తడిపి గీకాను. ఒక మూల అరచేయంత కాగితం వచ్చింది, దానితోపాటు వెనకనున్న గచ్చు కూడా పెళ్ళగా ఊడి, లోపలి ఇసుక నా పాదాల మీద జలజల రాలింది. అంతా పీకితే గోడే వచ్చేస్తుంది. మిగిలిన దారి ఒక్కటే, కాగితాన్ని అలాగే ఉంచి దాని మీద పూత వేయడం.

నాన్న ఒకసారి చూడటానికి వచ్చాడు. ఆ ఆకుల మీద వేలితో తట్టి, “కాయితం గోడ” అన్నాడు. బయటికి వచ్చాక, “రిటైరయినాక నేనూ మీయమ్మా ఊరెల్లిపోతాం. నా తమ్ముడు ఒక గది ఇస్తానన్నాడు” అన్నాడు.  అమ్మ పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆ పల్లెకు పెళ్ళిళ్ళకు, చావులకు తప్ప వెళ్ళి ఎరగదు. క్వార్టరుకు వచ్చాక వంటింట్లో నాతో నెమ్మదిగా చెప్పింది.

“గోడ గురించి కాదమ్మా. అది టీచరమ్మ ఇల్లు అంటన్నాడు. నీకాడికి సదువుకున్నోలు వొస్తారు, గ్రీజోడు ఏ మూల కూకోవాల అని.”

నాకు కోపం వచ్చింది. నాన్న అన్యాయంగా ఆలోచిస్తున్నాడనుకున్నాను. మరునాడు ఆయన ఎదుట నిలబడి, క్వార్టరు తాళం ఇచ్చే రోజుకు ముందుగదిని బాగుచేస్తాను, నచ్చితే ఉండండి అన్నాను. నాన్న బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, “గది సూసి సెప్తాను” అన్నాడు.

పుస్తకాలు చదివి నేర్చుకున్నదాన్ని కనుక ఈ పని కూడా చదివి చేయవచ్చనుకున్నాను. గోల్ బజార్‌లో పుట్టీ సంచులు కొన్నాను. గోడ కొలతలు రాసుకున్నాను. ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టి, ఆకులు తీగలు కనబడకుండా మందంగా, ఒకే పూటలో ఒక గోడంతా పూసేశాను. సాయంత్రానికి తెల్లగా, చదునుగా, చూడముచ్చటగా ఉంది. మరునాడు బడి నుంచి వచ్చేసరికి గోడంతా బొబ్బలు. కొన్నిచోట్ల పూత బరువుకు కాగితం సంచిలా వేలాడుతున్నది. నేను అరుగు మీద కూర్చుండిపోయాను. అమ్మకు ఫోను చేసి ఏం చెప్పానో గుర్తులేదు. గంట తరువాత ఒక టోటో, అదే బ్యాటరీ ఆటో, వచ్చి ఆగింది. అందులోంచి గోనెసంచీ పట్టుకుని పైడమ్మ పిన్ని దిగింది. అప్పటికి ఆమె ముందుగానే రిటైర్మెంటు తీసుకుని ఏడాది అయింది.

గోడ ముందు నిలబడి పిన్ని చాలాసేపు చూసింది.

“ఎన్ని పూతలేసినావు?”

“ఒకటే పిన్నీ. మందంగా.”

“ఏటి తొందర? రైలుగానీ ఎల్లిపోతన్నాదేటి?” అన్నది. తరువాత ఒక బొబ్బను బొటనవేలితో నొక్కి, “కాయితానికి నీల్లు తాగించినావు. ఎనకాల జిగురు మల్లీ మెత్తబడిపోనాది. ముందు దాని నోరు కట్టాల, అప్పుడు పూయాల” అన్నది.

ఆ మాటల్లోనే పనంతా ఉంది. అది చేయడానికి మాకు మూడు వారాలు పట్టింది. నేను పూసినదంతా గీకేశాము. నాలుగు గోడలనూ అడుగడుగునా తట్టి చూసి, పట్టు వదిలిన కాగితాన్ని మాత్రం కత్తితో కోసి తీసేశాము. జిడ్డు కడిగి, ఆరనిచ్చి, ఎమరీ కాగితంతో ఆకుల మెరుపు పోయేదాకా రుద్దాము. ఆపైన నీళ్ళు లోపలికి దిగకుండా నూనె ప్రైమరు. అది ఎండిన తరువాత పుట్టీ. మొదటి పూత ఆకుల మధ్య పల్లాలకు మాత్రమే. రెండోది ఆకుల నెత్తిమీదికి. మూడోది కంటికి కనబడనంత పలుచగా. వానాకాలం చివర కావడంతో ఒక్కొక్క పూత ఆరడానికి రెండేసి రోజులు పట్టేది. నేను గోడను తాకి చూసి “ఆరిపోయింది” అంటే, పిన్ని తన చెంపను గోడకు ఆనించి, “నీ సేతికి ఆరినాది, నా బుగ్గకి ఆరనేదు” అనేది. బడి అయ్యాక నేను వచ్చేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని బీడీ కాల్చుకుంటూ ఉండేది. నేను పుట్టీ పూసే రేకు పట్టే తీరు చూసి, “పరిచ్చలో రాస్తన్నట్టు పట్టుకున్నావు. గోడ మార్కులెయ్యదే, ఒదులుగా పట్టు” అని నవ్వేది. ఆ మూడు వారాలలో నా భుజాలు నొప్పిపుట్టాయి, గోళ్ళలోకి తెల్లదనం చేరింది. గోడ మీద ఆకులు ఒక్కొక్కటే మునిగిపోతుంటే మనసు తేలికపడేది.

ఇప్పుడు రాయవలసినది రాస్తాను. రెండో వారంలో ఒక సాయంత్రం నా సహోద్యోగి మితాలీ దీదీ ఏవో ప్రశ్నపత్రాలు తీసుకుని వచ్చింది. పిన్ని స్టూలు మీద నిలబడి, తలకు తువ్వాలు చుట్టుకుని పూత వేస్తున్నది. మితాలీ దీదీ ఆ చెయ్యి కదిలే తీరు చూసి ముచ్చటపడి, “ఆడ మేస్త్రీని పెట్టారే, ఎక్కడ దొరికింది? రోజుకూలీయేనా?” అని బెంగాలీలో అడిగింది. నేను “అవును” అన్నాను. ఆ ఒక్క మాటే. ఆమె మా పిన్ని అనీ, నా చిన్నప్పటి నుంచి నాకు తలదువ్విన మనిషి అనీ చెప్పడానికి అవసరమైనంత సమయం ఉంది. నోరు రాలేదు. పిన్నికి బెంగాలీ నాకంటే బాగా వచ్చు. మితాలీ దీదీ వెళ్ళిపోయిన తరువాత ఆమె స్టూలు దిగి, రేకు తుడుచుకుని, “ఏటి, నన్ను కూలికెట్టినావేటి? టీక్ హై. కూలోల్లకి సాయంకాలం టీ ఇవ్వాల, తెలుసా” అన్నది. నేను టీ పెట్టి ఇచ్చాను. క్షమించమని అడగలేదు. ఆమె నవ్వుతూ తాగింది కనుక ఆ మాట అంతటితో పోయిందనుకున్నాను.

క్వార్టరు తాళం అప్పగించడానికి నాలుగు రోజులున్నాయి. మరునాడు పొద్దున నాన్న గది చూడటానికి వస్తానన్నాడు. గోడలు తెల్లగా, చదునుగా ఉన్నాయి. నేనే చివరిసారి తడుతూ వెళ్తుంటే, కిటికీ పక్కన జానెడు మేర డొల్లగా పలికింది. తడి ఎక్కడినుంచో లోపలికి దిగి కాగితం పట్టు వదిలేసినట్టుంది. కోసి, నింపి, ఆరబెట్టడానికి మూడు రోజులు కావాలి.

“పిన్నీ, ఇక్కడ బీరువా పెట్టేద్దాం. నాన్న ఒప్పుకున్నాక తీరిగ్గా బాగుచేసుకోవచ్చు.”

పిన్ని గోడ దగ్గరికి వచ్చి తాను కూడా తట్టింది.

“మీ నాన్న ముప్పైయెనిమిదేల్లు బోల్టులు కొట్టి సూసినోడు. బీరువా ఎనకాల ఏటుందో ఆడికి తెల్దేటి?”

“తెలిస్తే ఊరు వెళ్ళిపోతాడు.”

“దాసినావని తెలిస్తే ఎల్లిపోతాడు. నీ సంచీలో సుద్దముక్క ఉంటాది కదా, ఇలగియ్యి.”

ఇచ్చాను. మూడు వారాల పనితో మెరుస్తున్న గోడ మీద, గుమ్మంలోంచి చూసినవారికి మొదట కనబడేచోట, ఆమె నీలం సుద్దతో పళ్ళెమంత చుట్టు గీసింది. “నువ్వు తుడవకు” అన్నది. నాకు ఏడుపు వచ్చింది. ఆమె ఓదార్చలేదు. చీర కుచ్చిళ్ళు దులుపుకుని టోటో ఎక్కి వెళ్ళిపోయింది. ఆ గోడ ముందు నేను తడిగుడ్డ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. తుడవలేదు. అది ధైర్యం కాదు, ఆమె మళ్ళీ పొద్దున వస్తుందన్న భయం.

పొద్దున పిన్ని ముందు వచ్చింది, అమ్మా నాన్నా వెనక వచ్చారు. నాన్న గుమ్మంలో చెప్పులు విడిచి, చుట్టు వైపే నడిచాడు. దాని మధ్యలో వేలితో తట్టాడు. డొల్ల. చుట్టు బయట ఒకసారి తట్టాడు. గట్టి. అంతే, మిగతా మూడు గోడలూ తట్టి చూడలేదు.

“ఎవులు గీసినారు?”

“పిన్ని” అన్నాను. ఆ ఒక్క మాటతో ఆపేయవచ్చు. కానీ గోడ మీద ఆ చుట్టు నన్నే చూస్తున్నట్టుంది. “నేను బీరువా అడ్డం పెడదామన్నాను నాన్నా. పిన్ని ఒప్పుకోలేదు. ఇంకొకటి కూడా ఉంది. మా బడి దీదీ వచ్చినప్పుడు పిన్నిని రోజుకూలీ అని చెప్పాను. ఆమె ఎదుటే.”

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిన్ని మూలన బాల్చీలో రేకులు కడుగుతూ, “ఆ ముక్క ఇప్పుడెందుకే” అన్నది, తల ఎత్తకుండా.

నాన్న కిటికీ అంచు మీద కూర్చున్నాడు. తన అరచేతులు చూసుకున్నాడు.

“రేపు నేను ఈడ కూకుని ఉంటే, ఎవులైనా అడిగితే ఏటని సెప్తావు?”

“మా నాన్న, వర్క్‌షాపులో ఫిట్టరు అని చెప్తాను.”

“సెప్పగలవా?”

“చెప్పగలనో లేదో నాకు తెలియదు నాన్నా. ఇన్నాళ్ళు చెప్పలేదు.”

 నాన్న కిటికీ అంచు మీది నుంచి లేచాడు. తరువాత చొక్కా చేతులు మడిచి, “పైడమ్మా, ఆ కత్తీ రేకూ ఇలగియ్యి” అన్నాడు. పిన్ని బాల్చీలోంచి తీసి, తుడిచి ఇచ్చింది. నాన్న చుట్టు వెంట కాగితాన్ని కోశాడు. మూడు రోజులు వరుసగా వచ్చి, ప్రైమరు వేసి, నింపి, ఆరనిచ్చి, రుద్దాడు. పిన్ని స్టూలు మీద కూర్చుని “బావా, బోల్టు కాదది, మెల్లగా” అని ఎగతాళి చేస్తూనే ఉంది. మూడో రోజు సాయంత్రం నాన్న చెయ్యి తీశాడు. చుట్టు అంచులు కొంత ఇంకా మిగిలి ఉన్నాయి. పిన్ని నా వైపు చూసి, “గీసింది నేను, సేసింది మీ నాన్న. తుడిసేది నువ్వు” అన్నది. నేను పైనా, కిందా, మధ్యలో తట్టాను. గోడ అంతా ఒకేలా పలికింది. తడిగుడ్డతో సుద్ద తుడిచాను. నాన్న ఆ గది మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసి, అమ్మతో, “మంచం ఏ పక్క ఏద్దాం?” అన్నాడు. పల్లెలో గది మాట ఆ తరువాత ఆయన ఎత్తలేదు.

పాలు పొంగించిన రోజున మా బడివాళ్ళు వచ్చారు. మితాలీ దీదీ గోడ మీద చెయ్యి వేసి చూసి, ఆ మేస్త్రీ ఫోను నంబరు ఇవ్వమని అడిగింది. పదిమంది ఉన్నారు.  “మేస్త్రీ కాదు దీదీ, మా పిన్ని. రైలు పెట్టెలకు రంగులు వేసింది. ఆ రోజు చెప్పడానికి సిగ్గుపడ్డాను” అన్నాను.  పిన్ని పాయసం గిన్నె పట్టుకుని ఉన్నచోటి నుంచే, “నంబరు కావాలంటే ఇస్తాన్లే దీదీ, నా కూలి మాత్రం శానా ఎక్కువ” అని బెంగాలీలో అన్నది. మితాలీ దీదీ ముందు నవ్వి, తరువాత వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఆ పక్కన కూర్చున్న నాన్న “నేను ఫిట్టర్‌ని” అని తనంతట తానే చెప్పుకోవడం విన్నాను.

పిన్ని రెండేళ్ళ క్రితం పోయింది. చివరి నెలల్లో ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడు, ఆ రోజు కూలీ అన్న మాటకు నేను ఆమెతో నేరుగా క్షమాపణ చెప్పుకోలేదని గుర్తుచేసి, చెప్పుకున్నాను. ఆమె కళ్ళు మూసుకునే, “పదిమందిలో సెప్పినాక ఇంకేటి మిగిలినాది” అన్నది. నాకు మాత్రం ఇంకా మిగిలినట్టే ఉంది. అందుకే పిల్లల ముందు లెక్క తప్పు చేస్తే బోర్డు తుడిచేయకుండా, ఇదిగో ఇక్కడ నేను తప్పాను అని చూపించి, సరిచేయడానికి వాళ్ళలో ఒకరిని పిలుస్తాను. మొదట్లో చెవులు వేడెక్కేవి. ఇప్పుడూ కొద్దిగా వేడెక్కుతాయి.

మొన్న బడి తరఫున ఒక పత్రం నింపవలసి వచ్చింది. మిమ్మల్ని తీర్చిదిద్దిన ఉపాధ్యాయుల పేరు రాయమని అందులో ఒక గడి ఉంది. రాసి ఇచ్చాను. గుమాస్తా అది చదివి, ఈ పైడమ్మగారు ఏ కాలేజీలో పనిచేశారని అడిగాడు. వరుసలో నా వెనుక మరో నలుగురు టీచర్లు నిలబడి ఉన్నారు. వర్క్‌షాపు పెయింట్ షాపులో అని, అతడు మళ్ళీ అడగనవసరం లేకుండా చెప్పాను.